అప్‌డేట్: ఈఎంజీలో 50 హెర్ట్జ్ హమ్ బాగా తగ్గింది

ముంజేతి కండరం ఈఎంజీ (కండరం పనిచేసేటప్పుడు పుట్టే విద్యుత్ సిగ్నల్) రికార్డింగ్‌లో కరెంటు లైను హమ్, అంటే కరెంటు లైన్ల నుంచి చొరబడే 50 హెర్ట్జ్ రొద, ఎలా పోగొట్టాలని అడిగాను కదా, సమాధానమిచ్చిన అందరికీ థ్యాంక్స్. ముందే నాచ్ ఫిల్టర్ (ఒక్క ఫ్రీక్వెన్సీ దగ్గర మాత్రమే సిగ్నల్‌ను కోసేసేది) జోలికి వెళ్లొద్దన్న సలహా బంగారం. ఈఎంజీ శక్తి ఎక్కువగా ఉండేది 50 నుంచి 150 హెర్ట్జ్ మధ్యే. 50 దగ్గర కోస్తే హమ్‌తోపాటు అసలు సిగ్నల్ కూడా కొంత పోతుంది, 150 దగ్గరి హార్మోనిక్ (హమ్‌కి మూడు రెట్ల ఫ్రీక్వెన్సీలో వచ్చే రొద) మాత్రం అలాగే మిగులుతుంది.

అందుకే చర్మంతో మొదలుపెట్టాను. ఆల్కహాల్‌తో రుద్ది కొత్త జెల్ ఎలక్ట్రోడ్లు అంటించగానే స్క్రీన్ మీది లావుపాటి పట్టీ సన్నటి గీతయింది! రెండు ఎలక్ట్రోడ్ల ఇంపిడెన్స్ (కరెంటుకు ఎదురయ్యే అడ్డు) దగ్గరదగ్గరగా లేకపోతే ఎంత మంచి యాంప్లిఫయరైనా కామన్ మోడ్ వోల్టేజీని (రెండు ఎలక్ట్రోడ్ల మీదా ఒకేలా పడే హమ్‌ను) పూర్తిగా ఆపలేదు. తర్వాత వైర్లు రెండూ మెలిపెట్టి, ఛార్జర్ తీసేసి ల్యాప్‌టాప్‌ను బ్యాటరీ మీద నడిపాను. ట్యూబ్‌లైట్ వేస్తే గీత ఇంకా కాస్త వణుకుతోంది, షీల్డ్ కేబుల్ తెప్పిస్తున్నాను.