ఆరేళ్ల తీరప్రాంత డేటా: గాలి నిజంగా తగ్గిందా, బేరింగు అరిగిందా?

గుంటూరు_డేటా:

బాపట్ల దాటాక తీరం మీద ఒక సముద్ర పరిశోధన క్షేత్రంలో ఆటోమేటిక్ వెదర్ స్టేషన్ నడుస్తోందండి. డేటా చూసేది గుంటూరు నుంచి. 2019 నుంచి పది నిమిషాలకొక రీడింగ్ ఉంది. 10 మీటర్ల మాస్టు (స్తంభం) మీద కప్పుల గాలిమాపకం, దిక్కు చూపే వేన్. కింద 2 మీటర్ల ఎత్తులో తెల్ల పళ్లేల కవచంలో ఉష్ణోగ్రత, తేమ సెన్సర్. పీడనం కొలిచే బారోమీటర్, రీడింగులు నమోదు చేసే లాగర్ పెట్టెలోనే ఉంది. 0.2 మి.మీ. టిప్పింగ్ బకెట్ వానమాపకం (ప్రతి 0.2 మి.మీ. వానకు చిన్న బకెట్ ఒకసారి ఒరుగుతుంది, అదే ఒక టిప్పు) విడిగా నేల మీద. అలలు విరిగే చోటు 300 మీటర్ల దూరం. వెనక, వాయవ్యం వైపు సరుగుడు తోటలు.

గ్రాఫు గీస్తే తేమ ఏటికేడు పెరుగుతోంది, గాలి వేగంలో ఐదో వంతు దాకా పోయింది. వాన ఎప్పుడు చూసినా పక్కనున్న చేతి వానమాపకం కంటే తక్కువే. మధ్యలో తేమ సెన్సర్ ఒకసారి మార్చారు, తేదీ ఎక్కడా రాసి లేదు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను తీరం దాటిన మర్నాటి నుంచి రెండు రోజులు రీడింగులే లేవు.

ఇందులో వాతావరణం ఎంత, ఉప్పు ఎంత? ఉన్న డేటాను పారేయకుండా వేరుచేసే దారి చెప్పండి. ఇకమీదట ఏ పని ఎన్నాళ్లకొకసారి చేయాలో కూడా.

బందరు_గాలి:

గాలి సంగతి ముందు తేల్చుకోండి, అది తేలిక. మొత్తం సగటు చూడొద్దు. అందులో కప్పులు తిరిగే బేరింగు, చెట్లు, వాతావరణం అన్నీ కలిసిపోయి ఉంటాయి. గాలి వచ్చిన దిక్కును బట్టి డేటాను 16 భాగాలు చేయండి. మార్చి నుంచి మే వరకు, మధ్యాహ్నం 2 నుంచి 5 లోపు రీడింగులు మాత్రం విడిగా తీయండి. మన తీరంలో ఆ వేళ ఆగ్నేయం, దక్షిణం నుంచి సముద్రపు గాలి కొడుతుంది. దానికి నీళ్లు తప్ప అడ్డం ఏమీ లేదు. ఆ దిక్కులో ఆరేళ్లూ వేగం నిలకడగా ఉండి, వాయవ్యం గాలి ఒక్కటే పడిపోతూ ఉంటే కారణం సరుగుడు తోట. సముద్రం వైపు గాలి కూడా తగ్గిందంటే మాస్టు ఎక్కాల్సిందే.

గాలిమాపకానికి ప్రపంచ వాతావరణ సంస్థ నియమం, అడ్డంకి ఎత్తుకు కనీసం 10 రెట్ల దూరం. చెట్టు 12 మీటర్లుంటే 120 మీటర్లు వదలాలి. సరుగుడు నాలుగైదేళ్లకు కోతకొస్తుంది. నాటిన ఏడు దాని వల్ల అడ్డేమీ ఉండదు. ఎదిగేకొద్దీ ఆ వైపు గాలి తగ్గుతూ వస్తుంది, నరికేసిన వారానికి మళ్లీ పాత వేగం. గ్రాఫులో రంపపు పళ్లలా మెల్లగా దిగి ఒక్కసారిగా లేస్తుంది. తోట యజమానిని అడిగితే కోత నెల చెబుతారు, లేదంటే పాత ఉపగ్రహ చిత్రాల్లో చూసుకోవచ్చు. ఆ నెలకీ గ్రాఫులో ఎగిరిన చోటుకీ సరిపోతే ఇక అనుమానం అక్కర్లేదు.

బేరింగు అరిగితే వేరేలా కనిపిస్తుంది. గట్టి గాలిలో తేడా పెద్దగా తెలియదు. రాత్రిపూట, తెల్లవారుజామున మంద గాలికి కప్పులు కదలవు. అందుకని ఏడాదికి 'సున్నా' రీడింగులు ఎన్ని వచ్చాయో లెక్కపెట్టండి. అవి అన్ని దిక్కుల్లోనూ పెరుగుతూ పోతుంటే బేరింగు బిగుసుకుంటోంది. తీరంలో ఏడాదికొకసారి మార్చేయడం మంచిది. బేరింగు అంచున నంబరు చెక్కి ఉంటుంది, అదే నంబరుతో స్టెయిన్‌లెస్ రకం ఆటోనగర్‌లో అడగండి. చిక్కటి గ్రీజు కూరినవి మాత్రం వద్దు, ఆ గ్రీజే మంద గాలిని మింగేస్తుంది.

ఉప్పుగాలి_టెక్:

తేమ గురించి నేను చెబుతాను. సెన్సర్‌కు తొడిగిన ఫిల్టర్ మీద పేరుకున్న ఉప్పే దీనికి మూలం. గాలిలో తేమ 75 శాతం దాటితే మామూలు ఉప్పు నీరు లాగి కరుగుతుంది. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంటుంది కాబట్టి అంతకంటే ముందే చెమరుస్తుంది. రాత్రి చెమర్చిన ఫిల్టర్ పొద్దునకల్లా ఆరదు. లోపలి సెన్సర్ బయటి గాలిని కాకుండా ఆ తడిని కొలుస్తూ కూర్చుంటుంది. సగటు తేమ పెరిగినట్టు కనిపించేది అలాగే.

పాత డేటాలో దీన్ని పట్టుకోవాలంటే పొడి గంటలు చూడాలి. మే నెలలో పడమటి వడగాలి వీచే రోజుల్లో, సముద్రపు గాలి ఇంకా లోపలికి రాకముందు తేమ బాగా దిగిపోతుంది. ప్రతి ఏటా అలాంటి పది పొడి రోజులు తీసి, బాపట్లలోని వాతావరణ శాఖ కేంద్రం రీడింగుతో తేడా రాసుకోండి. ఆ తేడా ఏటేటా పెరుగుతుంటే తప్పు సెన్సర్‌దే. ఒక్క రోజులో తేడా తటాలున మారితే అదే మీరు వెతుకుతున్న సెన్సర్ మార్పు తేదీ. బిల్లులు, స్టోరు రిజిస్టరు తిరగేసి దాన్ని ఖాయం చేసుకోండి.

ఇక ఇప్పుడున్న సెన్సర్ పరీక్ష. ల్యాబ్ కెమికల్స్ షాపులో శుద్ధమైన సోడియం క్లోరైడ్, మెగ్నీషియం క్లోరైడ్ తీసుకోండి. వంటింటి ఉప్పు పనికిరాదు, అందులో అయొడిన్, గడ్డ కట్టకుండా వేసే పొడి ఉంటాయి. వెడల్పు మూతి గాజు సీసాలో 100 గ్రాముల ఉప్పు పోసి డిస్టిల్డ్ వాటర్ కొద్దికొద్దిగా కలపండి. తడి ఇసుకలా ముద్దగా ఉండాలి. పైన ఉప్పు కనిపించకుండా నీళ్లు నిలిచాయంటే ఎక్కువైనట్టే, ఇంకొంచెం ఉప్పు వేయండి. మూతకు బెజ్జం చేసి సెన్సర్‌ను రబ్బరు బిరడాతో దించండి, ముద్దకు రెండు మూడు సెంటీమీటర్ల పైన ఆగాలి. తగిలిందా, సెన్సర్ పోయినట్టే. సీసాను థర్మోకోల్ పెట్టెలో పెట్టి ఫ్యాను, ఏసీ తగలని గదిలో 6 గంటలు వదిలేయండి. 25 డిగ్రీల దగ్గర సోడియం క్లోరైడ్ సీసాలో 75.3 శాతం, మెగ్నీషియం క్లోరైడ్ సీసాలో 32.8 శాతం రావాలి. ముద్దకూ సెన్సర్‌కూ ఒక్క డిగ్రీ తేడా ఉన్నా 75 దగ్గర రీడింగు నాలుగైదు శాతం తప్పుతుంది, థర్మోకోల్ పెట్టె అందుకే.

పరీక్ష రెండుసార్లు చేయండి, ముందు మురికి ఫిల్టర్‌తో, తర్వాత కొత్త ఫిల్టర్‌తో. రెండూ రాసి పెట్టుకుంటే ఫిల్టర్ వల్ల ఎంత, సెన్సర్ వల్ల ఎంత అన్నది విడిపోతుంది. ఫిల్టర్ నెలకోసారి డిస్టిల్డ్ వాటర్‌లో కడగండి, ఆరు నెలలకు మార్చండి. పళ్లేల కవచాన్ని సబ్బునీళ్లతో కడగాలి. అది పసుపెక్కితే గాలి లేని మధ్యాహ్నాల్లో ఉష్ణోగ్రత ఎక్కువ చూపిస్తుంది.

బెజవాడ_వానలెక్క:

వానమాపకం మూతి వ్యాసం 200 మి.మీ. అయితే ఒక్క మి.మీ. వానకు 31.4 మి.లీ. నీళ్లు. 314 మి.లీ. పోస్తే 10 మి.మీ., అంటే 50 టిప్పులు రావాలి. గబుక్కున పోస్తే లెక్క చెడుతుంది. ఖాళీ సెలైన్ సీసాలో మామూలు నీళ్లు నింపి, దాని ట్యూబుతోనే 20–25 నిమిషాలు పట్టేలా వదలండి. 49 నుంచి 51 వస్తే ముట్టుకోకండి. 46 వచ్చిందంటే బకెట్ ఎక్కువ నీళ్లు పట్టాకే ఒరుగుతోంది, అడుగున ఉన్న రెండు ఆపు స్క్రూలనూ సమానంగా పైకి తిప్పాలి. కానీ తిప్పేముందు ఆ 46 రాసిపెట్టండి. పాత డేటాను సరిచేయడానికి మీకున్న ఒకే ఆధారం ఆ అంకె. చాలాచోట్ల సరిచేశాక వచ్చిన 50 మాత్రం రాసి, మొదట వచ్చింది వదిలేస్తారు.

గరాటులో సరుగుడు పుల్లలు, ఇసుక, సాలెగూడు చేరితే ఒక గుర్తు కనిపిస్తుంది. వాన ఎప్పుడో ఆగిపోయినా టిప్పులు గంటల తరబడి ఒకే వ్యవధిలో పడుతుంటాయి. నిజమైన వాన అలా గడియారం కొట్టినట్టు కురవదు. అలాంటి రోజున 24 గంటల మొత్తం కొంతవరకు నమ్మొచ్చు కానీ గంటవారీ తీవ్రత కొట్టేయండి. జడివానలో ఇంకో నష్టం ఉంది. గంటకు 100 మి.మీ. వేగంతో కురిస్తే ఏడు సెకన్లకొకసారి బకెట్ ఒరుగుతుంది, ఒరిగేటప్పుడు పడ్డ నీళ్లు లెక్కలోకి రావు. కాబట్టి చేతి వానమాపకమే మీకు ప్రమాణం. దాన్ని రోజూ ఉదయం 8:30కే చూడాలి, వాతావరణ శాఖ వాన రోజు అప్పటి నుంచే. అర్ధరాత్రి నుంచి లెక్కగట్టిన లాగర్ మొత్తాన్ని దానితో పోల్చితే ఎప్పటికీ కలవదు.

గుంటూరు_డేటా:

సరిగ్గా అదే జరిగిందండి, పోల్చింది అర్ధరాత్రి లెక్కతోనే. ఇంకో అనుమానం. మొదటి రెండేళ్ల ఫైళ్లలో టైమ్ యూటీసీనా (ప్రపంచ ప్రామాణిక సమయం), మన టైమా అన్నది ఎవరికీ స్పష్టంగా తెలియదు. లాగర్‌ను 2022లో, 2024లో మళ్లీ సెట్ చేశారు. బారోమీటర్ మీద కూడా నమ్మకం లేదు.

బందరు_గాలి:

ఈ రెండింటికీ జవాబు బారోమీటర్‌లోనే ఉంది. మన అక్షాంశాల్లో గాలి పీడనం రోజుకు రెండుసార్లు లేచి పడుతుంది. ఉదయం పది ప్రాంతంలో, రాత్రి పది ప్రాంతంలో ఎక్కువ. తెల్లవారుజామున నాలుగు, సాయంత్రం నాలుగు ప్రాంతంలో తక్కువ. ఒక నెల రీడింగులను గంటవారీగా సగటు చేస్తే ఈ రెండు గూనులు కనబడాలి. ఉదయపు గూని నాలుగున్నర దగ్గర కనబడితే ఆ ఫైలు యూటీసీ, ఐదున్నర గంటలు కలపండి. గూనులే లేకుండా పీడనం పెట్టె వేడితో పాటు పెరిగి తగ్గుతుంటే పెట్టెకు గాలి రంధ్రం మూసుకుపోయింది, ఉప్పు చేరి ఉంటుంది.

2023 ఫైలుకు ఇంకో తనిఖీ. మిచాంగ్ డిసెంబరు 5 మధ్యాహ్నం బాపట్లకు దగ్గరలో తీరం దాటింది. మీ పీడనం అట్టడుగు రీడింగు మధ్యాహ్నం పడాలి. ఉదయం ఏడెనిమిది గంటలకు పడితే ఆ ఫైలు కూడా యూటీసీనే. తుఫాను రోజు పీడనం అంకెను మాత్రం యథాతథంగా వాడొద్దు. పెట్టె రంధ్రం మీద సెకనుకు 30 మీటర్ల గాలి నేరుగా కొడితే 5 హెక్టోపాస్కల్ (పీడనం కొలమానం) దాకా తప్పు రావచ్చు. దానికి స్టాటిక్ ప్రెషర్ పోర్ట్ అని విడి భాగం అమర్చుకోవాలి.

గడియారం రోజుకు ఒక్క సెకను తప్పినా ఏడాదికి ఆరు నిమిషాలు. జీపీఎస్‌తో సరిచూసే లాగర్ అయితే ఈ బాధ లేదు. ఫైలులో టైమ్ యూటీసీలోనే ఉంచి, మన టైమ్ చూపించేటప్పుడు మార్చుకోండి.

ముడి ఫైలు మీద ఎవరూ చేయి పెట్టకూడదు. దిద్దుబాటు వేరే ఫైలులో, ప్రతి రీడింగు పక్కన ఒక గుర్తుతో. పోయిన రెండు రోజులను సున్నాలతోనో, చుట్టుపక్కల సగటుతోనో పూడ్చొద్దు, ఖాళీగానే వదలండి. సెన్సర్ మార్చాల్సి వస్తే పాతదీ కొత్తదీ కనీసం ఏడాది పక్కపక్కన నడపాలి. అన్ని రుతువులూ దాటితేనే రెండింటి తేడా తెలుస్తుంది. వాతావరణ సగటుకు తీసుకునేది 30 ఏళ్లు, ఇప్పుడు వాడుకలో ఉన్నది 1991–2020. మీ ఆరేళ్ల నుంచి 'వాతావరణం మారింది' అని రాయకండి. పరికరాల వల్ల వచ్చిన తేడాలను వరుసగా సరిగ్గా రాసి పెట్టారంటే అదే 30 ఏళ్ల రికార్డుకు మొదటి ఆరేళ్లవుతుంది.

ఉప్పుగాలి_టెక్:

తుఫాను మర్నాడు రీడింగులు పోయాయంటే ముందు బ్యాటరీని అనుమానించండి. మబ్బు పట్టి ప్యానెల్ చార్జ్ చేయదు. మన ఎండకు లెడ్ యాసిడ్ బ్యాటరీ రెండు మూడేళ్లకే నీరసపడుతుంది. బ్యాటరీ వోల్టేజీని కూడా ఒక కాలమ్‌గా లాగ్ చేయండి. రాత్రి చివర్లో వోల్టేజీ నెలనెలా దిగుతుంటే ముందే తెలిసిపోతుంది. ప్యానెల్ మీద ఉప్పు, కాకి రెట్ట పదిహేను రోజులకోసారి మంచినీళ్లతో కడగాలి.

బోల్టులు ఎస్‌ఎస్ 316 (స్టెయిన్‌లెస్ స్టీలు రకం) వాడండి, 304కి తీరంలో తుప్పు మచ్చలు వస్తాయి. అల్యూమినియం మాస్టుకు స్టీలు బోల్టు నేరుగా తగిలితే అల్యూమినియం తెల్లగా పొడైపోతుంది, మధ్యలో నైలాన్ వాషర్ పెట్టండి. కేబుళ్లు పెట్టెలోకి అడుగు నుంచే వెళ్లాలి, లోపలికి వెళ్లేముందు కిందికి ఒక వంపు ఉంటే నీటి చుక్క అక్కడే రాలిపోతుంది. లోపల నీలం సిలికా జెల్ గులాబీ రంగుకు తిరిగిందా అని ప్రతిసారీ చూడండి. తుఫాను తర్వాత మాస్టు మెలి తిరిగిందేమో చూడటానికి, దూరంగా కదలని ఒక గుర్తు వైపు వేన్‌ను తిప్పి పట్టుకుని రీడింగు ఎన్ని డిగ్రీలో ఇప్పుడే రాసుకోండి. మళ్లీ వెళ్లినప్పుడు అదే అంకె రావాలి.