మా బాబాయికి అడ్డొస్తున్నది మతమా, ఏవగింపా?

మా తమ్ముడు గే అని సంక్రాంతికి ఇంట్లో చెప్పాడు. అప్పటినుంచి బాబాయి వాడితో మాట్లాడటం లేదు. "మన ధర్మంలో మహాపాపం" అంటారు. మనుస్మృతి 11వ అధ్యాయం తీసి చూపించాను. అందులో మగవాళ్ల మధ్య సంబంధాన్ని ఒకచోట జాతిభ్రంశం (కులం పోగొట్టే పాపం) అన్నా, మరోచోట ప్రాయశ్చిత్తం కట్టుబట్టలతో స్నానమే. యావజ్జీవం దాకా శిక్ష పెట్టింది 1860 నాటి బ్రిటిష్ వాళ్ల 377 సెక్షన్, ఇష్టపూర్వక సంబంధాలు నేరం కాదని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది అన్నాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే స్వలింగ ఆకర్షణను జబ్బుల జాబితా నుంచి తీసేసిందనీ చెప్పాను.

అన్నీ విని, "ఏమోరా, తలుచుకుంటేనే కడుపులో తిప్పుతుంది" అన్నారు. వాడు తాగిన గ్లాసు కూడా విడిగా పెట్టించారు. అంటే ముడి శ్లోకంలో లేదన్నమాట. (పిన్ని మాత్రం చాటుగా సున్నుండలు పంపుతోంది.)

ఇలాంటి ఏవగింపు ఉన్న పెద్దవాళ్లు మీ ఇంట్లో మారి ఉంటే, దేనివల్ల మారారు?