తివాచీ మీద, మార్బుల్ గడప మీద పెయింట్ మరకలు: థిన్నర్ వాడొచ్చా?

కూకట్‌పల్లి కోడలు:
పండక్కి ముందు ఇంటికి పెయింట్ వేయించాం. గోడలకి ఎమల్షన్, తలుపులకీ కిటికీ గ్రిల్స్‌కీ ఎనామిల్. గోడలు బాగానే వచ్చాయి కానీ కింద పట్టాలు సగం గదికే పరిచి మిగతాది వదిలేశారు, అడిగితే "ఎండాక గీకితే ఊడిపోద్దమ్మా" అని చెప్పి డబ్బులు తీసుకుని వెళ్లిపోయారు, ఇప్పుడు ఫోనెత్తరు. హాల్లో విట్రిఫైడ్ టైల్స్ నిండా తెల్ల చుక్కలు. పూజగది ముందు తెల్ల మార్బుల్ గడప మీద చాక్లెట్ రంగు ఎనామిల్ అరచెయ్యంత పడింది. స్విచ్‌బోర్డుల అంచులకి కూడా అంటింది. అన్నిటికంటే టెన్షన్ పెడుతున్నది అత్తయ్యగారి ఏలూరు తివాచీ. చుట్టి గోడవారగా పెడితే దాని అంచు మీదకి ఎమల్షన్ కారి గట్టిపడిపోయింది, దారాలు పుల్లల్లా అయ్యాయి. మావారు థిన్నర్ డబ్బా తెచ్చి అన్నిటికీ అదే పూసేద్దామంటున్నారు, నేనే ఆపాను. ఆవిడ వచ్చేలోపు ఏదైనా దారి ఉంటే చెప్పండి.

హైటెక్ బావ:
ఇంత ఆలోచన ఎందుకండీ, బాత్రూం యాసిడ్ కొంచెం నీళ్లలో కలిపి పోయండి, బ్రష్‌తో రుద్దితే సరి. మా గృహప్రవేశం ముందు పనివాళ్లు ఇల్లంతా అలాగే కడిగారు.

రంగుల మేస్త్రి:
బావగారూ, టైల్స్ మీద సిమెంట్ మరకలకి ఆ యాసిడ్ వాడతారు, పెయింట్‌కి కాదు. మేడం, మార్బుల్ గడప దగ్గరకి దాన్ని అస్సలు రానివ్వకండి. మార్బుల్ సున్నపురాయి జాతిది, యాసిడ్ పడగానే బుసబుసా పొంగి పాలిష్ పోతుంది, ఆ చోట మళ్లీ మెషీన్‌తో పాలిష్ పట్టించాల్సిందే. నిమ్మకాయ, వెనిగర్ కూడా అంతే.

ముందు ఒకటి తెలుసుకోండి. ఎమల్షన్‌లో కలిపేది నీళ్లు, ఎనామిల్‌లో కలిపేది టర్పెంటైన్, కాబట్టి రెంటికీ ఒకే మందు పనిచేయదు. టైల్స్ మీది తెల్ల చుక్కలు సులువు: వేడినీళ్లలో గిన్నెల సబ్బు వేసి గుడ్డ తడిపి చుక్కల మీద కాసేపు పరిచి ఉంచండి, మెత్తబడ్డాక కొత్త బ్లేడుని నేలకి దాదాపు ఆనించి తోయండి, నిలబెట్టి గీకారంటే నల్ల గీతలు పడతాయి. ఆ గీతలు చాలావరకు బ్లేడు ఇనుము అంటుకున్నవే, టైలు కోసుకుపోయినవి కావు, కాబట్టి కంగారుపడకండి. టైల్స్ సందుల్లో మాత్రం బ్లేడు పెట్టొద్దు, పాత టూత్‌బ్రష్ చాలు.

గడప సంగతి వేరు. ఎనామిల్ పచ్చిగా ఉన్నప్పుడైతే టర్పెంటైన్ గుడ్డతో తుడిస్తే పోయేది, ఎండి గట్టిపడ్డాక దానితో పెద్దగా లాభం లేదు. హార్డ్‌వేర్ షాపులో ఎన్‌సీ థిన్నర్ అని అడగండి. దూదికి కొంచెమే తడిపి మరక మీద కాసేపు ఉంచి, మెత్తబడ్డాక చెక్కపుల్లతోనో పాత ఏటీఎం కార్డుతోనో పైపైన ఎత్తండి. మార్బుల్ పీల్చుకునే రాయి, గడప మీద థిన్నర్ ధారగా పోస్తే ఆ చాక్లెట్ రంగు కరిగి లోపలికి దిగుతుంది, అప్పుడు దేవుడే దిక్కు. ఆకుపచ్చ స్క్రబ్బర్‌తో రుద్దొద్దు. కిటికీలన్నీ తీసి ఉంచండి, పూజగదిలో దీపం కొండెక్కాకే పని మొదలుపెట్టండి, గ్యాస్ పొయ్యి కూడా ఆపేయండి. ఆ ఆవిరికి నిప్పంటుకోవడానికి ఎక్కువసేపు పట్టదు.

ఏలూరు ఆడపడుచు:
తివాచీ గురించి నేను చెప్తాను. అది ఉన్ని. నమ్మకం లేకపోతే అంచున ఒక పోగు కత్తిరించి దూరంగా పట్టుకుని కాల్చండి, జుట్టు కాలిన వాసన వస్తే ఉన్నే. ఉన్నికి బ్లీచింగ్ తగలకూడదు, పోగు పోగే తినేస్తుంది. చాకలి సోడా వద్దు, మరుగునీళ్లు వద్దు.

గట్టిపడిన పెయింట్‌ని ముందు తడపకుండానే గోళ్లతోనో మొద్దు చెంచాతోనో నలిపి, పొడిగా రాలేదంతా రాల్చేసి వాక్యూమ్ పెట్టండి, సగం పని అక్కడే అయిపోతుంది, చాలామంది ఈ ఓపిక లేకే నీళ్లు పోసి పాడుచేసుకుంటారు. మిగిలిన దానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మెడికల్ షాపులో దొరుకుతుంది. జెల్ శానిటైజర్ వద్దు, జిగురు మిగులుతుంది. వెనకవైపు కనపడని మూల తెల్లగుడ్డతో అద్ది చూడండి, గుడ్డకి తివాచీ రంగు అంటితే అక్కడితో ఆపేసి డ్రై క్లీనింగ్ వాళ్లకి ఇవ్వండి. అంటకపోతే మరకని బయటి అంచునుంచి లోపలికి అద్దుతూ రండి, గుడ్డ మారుస్తూ ఉండండి. రుద్దితే ఉన్ని చిక్కుపడి ఉండకట్టేస్తుంది, అది మరకకంటే వికారంగా ఉంటుంది. ఎండలో కాదు, నీడలో ఆరబెట్టండి.

ఇంకా కొన్ని కుచ్చులు రాకపోతే చిన్న కత్తెరతో కొసలు మాత్రం తీసేయండి. ఒత్తుగా నేసినదైతే ఎవరికీ తెలియదు, ముడి దాకా మాత్రం వెళ్లకండి.

డాలస్ పెద్దాయన:
ఇక్కడ అపార్ట్‌మెంట్లలో గది మొత్తం అతికించిన నైలాన్ కార్పెట్ ఉంటుంది, పెయింట్ పడితే డిపాజిట్‌లో కోత. పచ్చిగా ఉండగానే చూస్తే పేపర్ టవల్‌తో పీల్చి, సబ్బునీళ్లు అద్దుతూ పోతే ఎమల్షన్ చాలావరకు పోతుంది. థిన్నర్ జోలికి వెళ్లొద్దు, కార్పెట్ వెనక రబ్బరు జిగురు ఉంటుంది, అది మెత్తబడి పోగులు ఊడి వస్తాయి. ఇండియాలో ఇప్పుడు అమ్ముతున్న టఫ్టెడ్ కార్పెట్లకీ (మెషీన్‌తో పోగులు గుచ్చి వెనక జిగురు పట్టించినవి) ఇదే వర్తిస్తుంది. మీది చేత్తో ముడివేసినది కాబట్టి ఆ బాధ లేదు, కానీ ఉన్నికి వేసిన రంగు దిగొచ్చు.

కూకట్‌పల్లి కోడలు:
అందరికీ థ్యాంక్స్. టైల్స్ అయిపోయాయి, బ్లేడు పడుకోబెట్టి తోస్తే పొర లేచి వచ్చేసింది. తివాచీ పెయింట్ చాలా రాలింది, కొసన తెల్లగా కొంచెం ఉంది, మూలలో అద్ది చూస్తే ఎర్ర రంగు గుడ్డకి లేతగా అంటింది, అందుకని ఆపేశాను, రేపు డ్రై క్లీనింగ్‌కి ఇస్తాం. గడప ఆదివారం. స్విచ్‌బోర్డులకి థిన్నర్ పెట్టొచ్చా? ఇంకోటి, పాత బాల్కనీ తలుపుకి ఎప్పటిదో పెయింట్ పెచ్చులు లేస్తోంది, ఎలాగూ పని పెట్టుకున్నాం కదా అని మావారు గరుకు కాగితం కూడా తెచ్చారు.

రంగుల మేస్త్రి:
స్విచ్‌లకి వద్దు, ప్లాస్టిక్ కరిగి మబ్బు పట్టినట్టు అవుతుంది. మెయిన్ ఆపి గోటితో గీకి, పిండిన తడిగుడ్డతో తుడవండి. పాత తలుపుని పొడిగా రుద్దనివ్వకండి. ఆ దుమ్ములో విషమైన సీసం ఉండొచ్చు. ఇంటి పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90) దాటకూడదన్న రూలు 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది, అంతకుముందు వేసిన ఎనామిల్‌లో ఎంతుందో చెప్పలేం. నీళ్లతో తడిపి వాటర్ పేపర్‌తో (తడిలో వాడే గరుకు కాగితం) రుద్దమనండి, మాస్క్ పెట్టుకోమనండి, ఆ పూట పిల్లల్ని అటు రానివ్వకండి.