మూడోసారి కాణిపాకంలో ప్రమాణమా, ఏఏ మీటింగా?

పాకాల అక్క:
మా తమ్ముడికి 34 ఏళ్ళు. రేణిగుంట దగ్గర వర్క్‌షాప్‌లో పని. తాగుడు మానేస్తానని కాణిపాకం వినాయకుడి ముందు రెండుసార్లు ప్రమాణం చేశాడు. మొదటిసారి నాలుగు నెలలు నిలబడ్డాడు, రెండోసారి ఇరవై రోజులు. మాట తప్పిన రోజు నుంచి వాడికి భయం పట్టుకుంది. "స్వామి నన్ను వదలడక్కా" అంటాడు, ఆ భయంతోనే ఇంకా తాగుతున్నాడు. మళ్ళీ ప్రమాణం చేయిద్దామంటోంది అమ్మ. నాకేమో ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏఏ) మీటింగ్‌కి, అదే తాగుడు మానాలనుకునేవాళ్ళు కూర్చుని ఒకరి గోడు ఒకరికి చెప్పుకునే చోటికి, తీసుకెళ్ళాలని ఉంది. తిరుపతిలో ఎలా కనుక్కోవాలి? మీరేమంటారు?

చిత్తూరు రైతు:
అమ్మ మాటే విను తల్లీ. మా నాయన 2006లో కాణిపాకంలో ప్రమాణం చేశాడు. ఇప్పటిదాకా చుక్క ముట్టలేదు. పెళ్ళిలో ఎవరైనా గ్లాసు చేతికివ్వబోతే "కాణిపాకంలో ప్రమాణం చేసినాను" అంటాడు. ఇక ఎవరూ బలవంతం చేయరు. మన జిల్లాలో ఆ మాటకున్న బరువు ఏ మీటింగ్‌కూ రాదు. ముక్కూ మొహం తెలియనివాళ్ళ ముందు ఇంటి గుట్టు విప్పితే పరువు ఏం కావాలి?

కొర్లగుంట వాసి:
రైతన్నా, మీ నాయనకు నా దండం. నేను అదే స్వామి ముందు మాటిచ్చి తప్పినవాణ్ణి. అందుకే ఈ అక్క తమ్ముడి భయం నాకు బాగా తెలుసు. నిలబెట్టుకున్నన్నాళ్ళూ ప్రమాణం మనిషిని కాపాడుతుంది. తప్పిన మర్నాడు మాత్రం గుడికి పోలేం, ఇంట్లో తలెత్తలేం, ఇక మిగిలేది వైన్ షాపే. మీటింగ్‌లో నిన్న రాత్రి తాగినవాడికి కూడా కుర్చీ వేస్తారు. నేను మారింది అక్కడే.

చెన్నైలో ఉద్యోగం చేసే రోజుల్లో మొదటిసారి వెళ్ళాను. టీ ఇచ్చారు. చెయ్యి వణికి గ్లాసు అంచు పళ్ళకు టకటకా తగులుతోంది, టీ చొక్కా మీద పడుతోంది. పక్కనున్న పెద్దాయన ఒక్క మాట కూడా అనలేదు. నా గ్లాసు తీసుకుని సగం తన గ్లాసులోకి ఒంపుకుని, సగం గ్లాసు నా చేతికి తిరిగిచ్చాడు. సగమే ఉంటే ఒలకదు. ఆ సంగతి, అలా వణికినవాడికే తెలుస్తుంది.

1935లో అమెరికాలోని ఆక్రన్ అనే ఊళ్ళో ఈ ఏఏ మొదలైంది కూడా ఇలాగే. ఒక స్టాక్ బ్రోకరు, ఒక సర్జన్, ఇద్దరూ తాగుడుకు బానిసలే. కూర్చుని ఒకరి గోడు ఒకరు విన్నారు. ఇప్పటికీ ఫీజు లేదు. తాగుడు మానాలన్న కోరిక ఉంటే చాలు, ఇంకేం అడగరు. విన్నది బయట చెప్పకూడదన్నది అక్కడి పద్ధతి. పరువు సంగతికొస్తే అన్నా, తాగి బస్టాండ్‌లో పడి ఉన్నప్పుడు నన్ను ఊరంతా చూసింది.

అక్కా, ఏఏ ఇండియా వెబ్‌సైట్‌లో ఊరి పేరు పెట్టి వెతుకు. చోటు, టైమ్ మారుతుంటాయి, బయల్దేరే ముందు ఫోన్ చెయ్యి. అది ఓపెన్ మీటింగా, క్లోజ్డ్ మీటింగా అని అడుగు. ఓపెన్ అయితే నువ్వూ పక్కన కూర్చోవచ్చు, క్లోజ్డ్ అయితే వాడొక్కడే వెళ్ళాలి. ఇంట్లోవాళ్ళకు అల్-అనాన్ అని వేరే మీటింగులు ఉంటాయి. నీకూ ఆ అవసరం ఉంది.

వార్డు సిస్టర్:
ప్రమాణమా మీటింగా అన్నది తర్వాత. అతను రోజూ తాగుతున్నాడా? అయితే ఇంట్లో ఒక్కసారిగా ఆపించకండి. ఆపిన రెండు మూడు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, లేనివి కనబడి కేకలు పెట్టవచ్చు, ప్రాణం మీదకు రావచ్చు. ప్రమాణం చేసి వచ్చి మూడో రోజు స్ట్రెచర్ మీద వచ్చినవాళ్ళను చూశాను. ముందు తిరుపతి రుయా ప్రభుత్వాస్పత్రిలో సైకియాట్రీ డాక్టరుకు చూపించండి. మత్తు మాన్పించే హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేసినా దారి చెబుతారు, డబ్బులు పడవు. ఇంకొకటి, ఎవరో చెప్పారని మాన్పించే మాత్ర అన్నంలో కలిపి పెట్టకండి. అది కడుపులో ఉండగా తాగితే బీపీ పడిపోతుంది, గుండెకు ప్రమాదం.

చిత్తూరు రైతు:
ఆస్పత్రి మాటకు ఎదురు చెప్పను సిస్టరమ్మా. కానీ ఈ మీటింగులు చాలాచోట్ల చర్చి హాళ్ళలో పెడతారట గదా. మా ఇళ్ళలో పెద్దవాళ్ళకు ఆ అనుమానం ఉంటుంది.

కొర్లగుంట వాసి:
హాలు చవగ్గా దొరుకుతుందనే అన్నా. తాగుడు మానడానికి వాళ్ళు పాటించే పన్నెండు మెట్లలో దేవుడి మాట ఉంది, నిజమే. ఆ దేవుడు ఎవరన్నది మాత్రం ఎవరికి వారే అనుకోవాలి. నాకు కొండ మీది స్వామే. ఇన్నేళ్ళలో ఎవరూ కాదనలేదు.

పాకాల అక్క:
అందరికీ దండాలు. వాడు రోజూ తాగుతున్నాడు సిస్టర్. రేపు పొద్దున్నే రుయా ఓపీకి వెళ్తున్నాం. అమ్మ మీటింగ్‌కి ఒప్పుకుంది. కాణిపాకం కూడా తీసుకెళ్తానంటోంది, ఈసారి ప్రమాణానికి కాదట, తప్పు ఒప్పుకుని దండం పెట్టించడానికట. రైతన్నా, మీ నాయన సంగతి విన్నాకే అమ్మ మెత్తబడింది. "ఆయనకు స్వామి అండ ఒక్కసారికే దొరికింది, మనవాడికి ఇంకో అండ కూడా కావాలేమో" అంది.

సగం గ్లాసు టీ సంగతి వాడికి చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఆ పెద్దాయన ఇప్పుడు ఎక్కడుంటాడో అడుగక్కా" అన్నాడు.