"ఖిలము గాకుండునది": ఈ ఖిలము శిథిలమా, బీడా?

చింతాద్రిపేట నడక:
అందరికీ నమస్కారం. చెన్నపట్నంలో తెలుగువాళ్ళం కొందరం ఆదివారాలు పాత కట్టడాల దగ్గరికి నడకలు పెట్టుకుంటున్నాం. వచ్చేవాళ్ళకి పంచడానికి కరపత్రం తయారవుతోంది. దాని నెత్తిన పెట్టాలనుకున్న పద్యం ఒకటి నోట్లో ఆడుతోంది గానీ పూర్తిగా అందడం లేదు. "సప్తసంతానములలో" అని ఎత్తుగడ. రెండో పాదంలో "గాకుండునది ధాత్రి" వరకు ఖాయం. దాని ముందున్న మాట "శిథిలము" అని నేను, "అఖిలము" అని మా అన్నయ్య. ఏది?
ఇంకొకటి. కన్సర్వేషన్, రెస్టొరేషన్, రీకన్‌స్ట్రక్షన్ మూడింటికీ "జీర్ణోద్ధరణ" అనే రాసేస్తే సరిపోతుందా?

తేటగీతి:
రెండూ కాదమ్మా, ఖిలము. పద్యం తేటగీతి. పాదం మొదట సూర్యగణం పడాలి, గలమో (గురువు, లఘువు) నగణమో (మూడు లఘువులు). "శిథిలము", "అఖిలము" రెండూ నాలుగేసి లఘువులు, ఆ చోట ఇమడవు. యతి చూసినా అంతే. నాలుగో గణం "గృతియ". ఖి–గృ కి మైత్రి ఉంది, ఒకే వర్గం, పైగా ఇకార ఋకారాల పొత్తు. శి కీ, అ కీ గృ తో ఏం చుట్టరికం?

సప్తసంతానములలోఁ బ్రశస్తిఁ గాంచి
ఖిలము గాకుండునది ధాత్రిఁ గృతియ కాన
కృతి రచింపుము మాకు శిరీషకుసుమ
పేశల సుధామయోక్తులఁ బెద్దనార్య

మనుచరిత్ర అవతారికలో రాయలు అన్న మాట. "శిరీషకుసుమ పేశల" అనేటప్పుడు నాలుక ఎక్కడా తట్టుకోదు చూడండి. అడిగేవాడే అంత మెత్తగా అడిగితే రాసేవాడు ఇంకెంత మెత్తగా రాయాలి!

శాసనాలపిచ్చి:
పాఠం సరే మాస్టారూ, అర్థం దగ్గరే నా తకరారు. ఖిలము అంటే శిథిలమని ఒక్క ముక్క రాసి టీకాలన్నీ ముందుకు పోతాయి. అమరకోశం అనే సంస్కృత నిఘంటువు రాసిన అమరుడు భూమివర్గంలో ఏమన్నాడు? "ద్వే ఖిలాప్రహతే సమే." ఖిలమన్నా అప్రహతమన్నా ఒకటే, నాగలి తగలని నేల. అంటే బీడు. ఏడు సంతానాలూ వరసగా తలుచుకోండి: చెరువు, నిధి, అగ్రహారం, గుడి, తోట, కావ్యం, కొడుకు. చెరువు గండిపడితే కింద ఆయకట్టు బీడు. అగ్రహారీకులు లేచిపోతే మాన్యం బీడు. రాయల బెంగ రాళ్ళు పడిపోవడం గురించి కాదు, సాగు ఆగిపోవడం గురించి. చదివేవాడున్నన్నాళ్ళూ కావ్యం సాగులోనే ఉంటుంది.

తేటగీతి:
వినడానికి బావుంది. మరి కొడుకు బీడుపడడమేమిటి? నిధి బీడుపడడమేమిటి? ఏడింటికీ అతకాలంటే "నశించు" ఒక్కటే అతుకుతుంది.

శాసనాలపిచ్చి:
పాతిపెట్టి ఎవరికీ పనికిరాని ధనం బీడు కాక మరేమిటి? విజయనగర కాలపు కన్నడ శాసనాల్లో "ఖిలవాగి" అని వస్తుంది, పాడుపడి మనుషులు లేకుండా పోయిందనే అర్థంలో. దాన్ని మళ్ళీ నిలబెట్టడమంటే గోడలు లేపడం కాదు, జనాన్ని తెచ్చి కూర్చోబెట్టడం. మన కరపత్రాలకి ఈ అర్థమే ఎక్కువ అవసరం. జార్జిటౌన్‌లో గోడలు గట్టిగానే ఉండి, లోపల ఏ పనీ జరగక తాళం పడిన ఇళ్ళు ఎన్ని లేవు? అవి శిథిలాలు కావు. ఖిలాలు.

పాతపుస్తకం:
మీరిద్దరూ మూడో అర్థం వదిలేశారు. ఖిలం అంటే అసలు దానికి బయట మిగిలింది, అనుబంధం. హరివంశం భారతానికి ఖిలభాగం. ఇళ్ళల్లో రోజూ చదివే శ్రీసూక్తం ఋగ్వేదపు ఖిలసూక్తాల్లోది. వెలితి, ఖాళీ అన్న భావం ఇన్నింటికీ అడుగున ఉంది. ఖిలం లేనిది అఖిలం. కాబట్టి ఆ అన్నయ్యగారికి వినిపించిన మాట ఎక్కడినుంచో ఊడిపడలేదు, ఒకే వేరు.

గానుగసున్నం:
పెద్దలు మన్నించాలి, అమ్మాయి అడిగిన రెండో ప్రశ్నని ఎవరూ ముట్టుకోలేదు. నా బతుకంతా ఈ పనిలోనే గడిచింది, ఈ మాటల దగ్గర తేడా వస్తే గోడకి ఏమవుతుందో కళ్ళారా చూసినవాణ్ణి.
అన్నిటికీ పెద్ద గొడుగు పరిరక్షణ. కట్టడం విలువ పోకుండా చూసుకునే పనులన్నీ దాని కిందికే వస్తాయి. ఆస్ట్రేలియాలో బుర్రా అనే ఊళ్ళో 1979లో రాసుకున్న చార్టర్ దీన్ని బాగా విడదీసింది. తరవాత తగిలించినవి తీసేసి, విడిపోయిన భాగాలు చేర్చి, ఉన్న సరుకుతోనే తెలిసిన పాత రూపానికి తేవడం రెస్టొరేషన్. కొత్త సరుకు తెచ్చి పెడితే అది రీకన్‌స్ట్రక్షన్. మొదటిది పునరుద్ధరణ, రెండోది పునర్నిర్మాణం అని నేను రాస్తాను. రెండూ ఒకటి కాదు.
ఒక పాత మండపం పనికి కాగితాల మీద "జీర్ణోద్ధరణ" అని ఒక్క మాటే ఉంది. కాంట్రాక్టరు గోడంతా సిమెంటుతో పూసేశాడు. అడిగితే "జీర్ణమైంది బాగుచేశాను కదండీ" అన్నాడు. ఆ మాటకి అతను తీసుకున్న అర్థం తప్పని ఏం పెట్టి చెప్పను? పాత గోడ సున్నపు గోడ. గానుగలో సున్నం, ఇసుక, ఇటుకపొడి తిప్పి, బెల్లం నీళ్ళూ కరక్కాయ నీళ్ళూ పోసి నానబెట్టి పూసింది. అది తేమని పీలుస్తుంది, వదిలేస్తుంది. మీద సిమెంటు పడితే తేమకి దారి మూసుకుపోతుంది. ఇటుకలోనే ఉప్పు పేరుకుంటుంది. కొన్నాళ్ళకి ఇటుక పైపొర పొట్టులాగా రాలుతుంది, వేలితో గీస్తే ఎర్రపొడి. సిమెంటు పూత మాత్రం నిలబడే ఉంటుంది, దాని వెనక ఇటుక ఉండదు.

తేటగీతి:
అనుభవం మీద చెప్పిన మాట, కాదనను. అయితే ఆ మాట జీర్ణోద్ధరణా, జీర్ణోద్ధారణా? గుళ్ళ దగ్గర కట్టే బ్యానర్లలో "ద్ధా" కనిపిస్తోంది. ముందు అది తేలాలి.

పాతపుస్తకం:
ఉద్ ఉపసర్గ + హృ ధాతువు. ఘఞ్ ప్రత్యయం వస్తే ఉద్ధారం, ల్యుట్ ప్రత్యయం వస్తే ఉద్ధరణం. జీర్ణోద్ధారం అనండి, జీర్ణోద్ధరణం అనండి. రెండింటినీ కలగలిపిందే ఈ "ఉద్ధారణ".
దీర్ఘం సంగతి అలా ఉంచి, ధాత్వర్థం చూడండి. పైకి తీయడం. పంచపాత్రలోంచి నీళ్ళు తీసేది గనకే ఉద్ధరిణి. జీర్ణోద్ధారమంటే జీర్ణమైనదాన్ని తీసెయ్యడం! అగ్నిపురాణంలో విధి ఉంది: అరిగిపోయిన బింబం కొయ్యదైతే అగ్నిలో వెయ్యాలి, రాతిదైతే నీళ్ళలో విడవాలి, ఆ చోట కొత్తది ప్రతిష్ఠించాలి. గానుగసున్నం గారు చేసేది సరిగ్గా దీనికి ఎదురు పని. ఆయన జీర్ణమైనదాన్నే కాపాడతారు. అందుకని ఆయన పనికి ఈ మాట పెట్టకూడదు, పెట్టారనే ఆ కాంట్రాక్టరుకి సందు దొరికింది.

శాసనాలపిచ్చి:
ఉద్ధారణ తప్పని ఎవరన్నారు? ణిచ్ ప్రత్యయం చేర్చండి. ఉద్ధారయతి, ఉద్ధారణం. ప్రేరణార్థకం. రాజు తానే రాయి ఎత్తలేదు, ఎత్తించాడు. దాత పేరుతో వేసే శిలాఫలకం మీద "ద్ధా" ఉండడమే న్యాయం.

తేటగీతి:
వ్యాకరణం ఒప్పుకున్నా వాడుక ఒప్పుకోవాలి కదా. బ్యానరు రాసేవాడు ణిచ్ తలుచుకుని దీర్ఘం పెడుతున్నాడంటారా?

మైలాపూరు మామ్మ:
నాయనలారా, ఇక్కడ అరవంలో "తిరుప్పణి" అంటారు, పుణ్యమైన పని అని. మా ఇంట్లోనూ అదే మాట, తెలుగు మాట వెతుక్కోవాలని ఏనాడూ తోచలేదు. పని మొదలయ్యే ముందు బాలాలయం కడతారు. స్వామి శక్తిని ఆ చిన్న గుళ్ళోకి ఆవాహన చేసి, పనంతా అయ్యాక కుంభాభిషేకం చేసి మళ్ళీ మూలస్థానానికి తెస్తారు. మీ చార్టర్లలో బాలాలయానికి మాట ఉందా? లోపల ఉన్నవాడు ఉన్నాడనుకుని చేసే పని వేరు, ఎవరూ లేరనుకుని చేసే పని వేరు.
అలాగని తిరుప్పణి పేరుతో జరిగిందంతా మంచేనని నేననను. ఇసుకని గాలి ఒత్తిడితో రాతి మీద కొట్టి తెల్లగా చేసే పద్ధతి ఒకటి వచ్చింది. నూనె మసి పోయింది, దాంతోపాటు శాసనాల అక్షరాల అంచులూ పోయాయి. చేత్తో తడిమితే లోతు తెలిసే అక్షరం తరవాత తడిమితే తెలియలేదు. దేవాదాయశాఖ నిషేధించింది గానీ అరిగిన అక్షరం తిరిగి రాదుగా.

చింతాద్రిపేట నడక:
మామ్మగారూ, బాలాలయం సంగతి కరపత్రంలో తప్పకుండా వేస్తాను. అందరికీ ఇంకో చిక్కు. ఈసారి శ్రీకాళహస్తి వెళుతున్నాం. రాయలు 1516లో కట్టించిన గాలిగోపురం 2010 మే 26న కూలిపోయింది. ఆ స్థానంలో కొత్తది లేచి 2017లో కుంభాభిషేకం జరిగింది. దీన్ని ఏమనాలి?

గానుగసున్నం:
పునర్నిర్మాణం. ఇందులో అనుమానం లేదు. రూపం పాతది, ఒళ్ళు కొత్తది. హనుమకొండ వేయిస్తంభాల గుడి కల్యాణమండపం చూడండి. రాళ్ళకి నంబర్లు వేసి విప్పదీసి, పునాది గట్టి చేసి, ఆ రాళ్ళే మళ్ళీ పేర్చారు. పగిలిన చోట మాత్రం కొత్త రాయి చెక్కి పెట్టారు. విప్పింది 2006 ప్రాంతంలో, తెరిచింది 2024లో. అది పునరుద్ధరణ. దీనికి ఇంగ్లీషు వాళ్ళు గ్రీకు నుంచి అనాస్టైలోసిస్ అని ఒక మాట తెచ్చుకున్నారు. మనకి "విప్పి కట్టడం" చాలు. మేస్త్రీకి చెబితే వెంటనే అర్థమవుతుంది.

మైలాపూరు మామ్మ:
పాతపుస్తకం గారి లెక్కనే చూడు నాయనా. పడిపోయింది తీసేసి కొత్తది నిలబెట్టారు. అది జీర్ణోద్ధారమే. కాళహస్తీశ్వరుడికి గోపురం లేకుండా ఎన్నాళ్ళు ఉంచుతారు?

పాతపుస్తకం:
నా లెక్క ప్రకారం మామ్మగారి మాట నూటికి నూరుపాళ్ళూ సరి. కాళహస్తికి జీర్ణోద్ధారం, హనుమకొండకి పునరుద్ధరణ. అయితే "పునరుద్ధరణ"లోనూ అదే హృ ధాతువు ఉంది, అక్కడ పైకి లేపడమనే అర్థం తీసుకోవాలి.

శాసనాలపిచ్చి:
ఆ గోపురానికి పగుళ్ళు ముందే కనిపించాయి. పట్టించుకునే చెయ్యి లేకపోవడమే ఖిలమవడం. పడడం దాని తరవాత మెట్టు.

తేటగీతి:
ఇప్పుడు పద్యం దగ్గరికి రండి. 1516లో గోపురం ఎత్తించిన రాయలే పెద్దనతో "ఏడింటిలో నిలిచేది కృతే" అన్నాడు. గోపురం అయిదువందల ఏళ్ళకి ఆరేళ్ళ ముందు నేలకూలింది. మనుచరిత్ర ఒక్క అక్షరం రాలకుండా ఇవాళ మన ఫోనుల్లో ఉంది. రాయలు పోయాక పెద్దన ఏడ్చిన సీసం తలుచుకోండి. ఎదురైతే మదకరీంద్రాన్ని ఆపి చెయ్యి ఊతమిచ్చి ఎక్కించుకున్నాడని, "కోకట గ్రామాద్యనేకాగ్రహారంబు లడిగిన సీమలయందు నిచ్చె" అని. కడప జిల్లాలో కోకట ఊరు ఉంది, ఆ అగ్రహారపు భోగం లేదు. ఊరి పేరు లోకానికి తెలిసింది ఈ పాదం వల్ల. ఏడు సంతానాల్లో ఒకటైన అగ్రహారాన్ని ఇంకొకటైన కృతి మోస్తోంది. ఇది పట్టుకున్నాక ఖిలము అంటే నశించడం కాదని ఎలా అంటారు?

శాసనాలపిచ్చి:
అంటాను. కోకట నశించలేదుగా, ఊరు ఉందిగా! భోగం పోయిందని మీరే అన్నారు. దాన్నే నేను బీడు అంటున్నది.

విక్టోరియా హాలు వెనక:
అక్కా, కరపత్రం నెత్తిన "వారసత్వ కట్టడాలు" అని వేస్తున్నారా? వారిస్ అరబ్బీ మాట, దానికి సంస్కృతపు త్వం తగిలించాం, బాగానే అతికింది. కానీ వారసత్వం అంటే మనకి వచ్చింది. సంతానం అంటే మనం వదిలి వెళ్ళేది. ఆనంద గజపతి మహారాజు 1883లో విక్టోరియా పబ్లిక్ హాలుకి శంకుస్థాపన చేసినా, వాస్తుశిల్పి చిషోమ్ గీసిన నమూనాకి మన కాంట్రాక్టరు నంబెరుమాళ్ శెట్టి ఇటుక పేర్పించినా, వాళ్ళ దృష్టిలో అది సంతానమే. నన్నడిగితే "సంతానాలు" అనే వెయ్యండి.

పాతపుస్తకం:
సం + తను, చక్కగా విస్తరించడం. ఊహ మంచిదే బాబూ, కానీ "చెన్నపట్నం సంతానాలు" అని చూసి నడకకి వచ్చేదెవరు?

చింతాద్రిపేట నడక:
కాగితం రేపు అచ్చుకి పోతోంది. పరిరక్షణ, పునరుద్ధరణ, పునర్నిర్మాణం మూడూ గానుగసున్నం గారు చెప్పినట్టే విడివిడిగా వేస్తున్నాను. గుళ్ళకి మాత్రం జీర్ణోద్ధరణ ఉంచుతాను. పద్యం కింద ఖిలము అన్నదానికి ఏ అర్థం వెయ్యను?

తేటగీతి:
ముందు అరసున్నలు వదలకండి. "ధాత్రిఁ" దగ్గర అరసున్న లేకపోతే "కృతియ" ఎందుకు "గృతియ" అయిందో కొత్తగా చదివే పిల్లలకి తెలియదు. ఖిలము = నశించినది.

శాసనాలపిచ్చి:
అరసున్నల మాట ఒప్పుకుంటున్నాను. ఖిలము = బీడుపడినది.

తేటగీతి:
బీడు వెయ్యకండమ్మా. ఆ కొడుకు సంగతి ఆయన ఇంతవరకూ చెప్పలేదు.