ఉప్పు మానేస్తే చెవిలో మోత తగ్గుతుందా?

రాజాం నుంచి:
అందరికీ నమస్కారం. మా నాన్నగారికి 61 ఏళ్లు. జూట్ మిల్లులో మగ్గాల దగ్గర పనిచేసి రిటైరయ్యారు. చాలాకాలంగా రెండు చెవుల్లోనూ కీచురాళ్లు అరుస్తున్నట్టు సన్నటి మోత. పగలు పెద్దగా పట్టించుకోరు గానీ రాత్రి పడుకోగానే అదే వినిపిస్తుందంటారు. బీపీ మాత్ర వేసుకుంటారు. ఉప్పు పూర్తిగా మానేస్తే పోతుందని మావయ్య చెప్పినప్పటి నుంచి అమ్మ చప్పిడి కూరలే పెడుతోంది. మోత తగ్గలేదు, ఇంట్లో గొడవ పెరిగింది. ఊర మిరపకాయో ఎండుచేపో లేకపోతే ఆయనకు ముద్ద దిగదు. అసలు ఉప్పుకీ చెవికీ సంబంధం ఉందా? టీ, చుట్ట కూడా మాన్పించాలా?

నెల్లిమర్ల నుంచి:
ఉందండీ. నాకు ఎడమ చెవి దిబ్బడేసి, సముద్రం హోరు లాంటి శబ్దం వచ్చి, ఆ వెనకే ఇల్లంతా తిరిగిపోయి వాంతులయ్యేవి. డాక్టరు గారు మెనియర్స్ అన్నారు. పచ్చళ్లు, మిక్చర్ పొట్లాలు ఆపాక ఆ తిరుగుడు బాగా తగ్గింది. మాత్రలు కూడా వాడాను కాబట్టి ఏది ఎంత పనిచేసిందో విడదీసి చెప్పలేను.

బొబ్బిలి నుంచి:
ఏటి బాబూ, మగ్గాల మోతకి పోయిన చెవికి ఉప్పేటి చేస్తాది? మాతో పనిచేసిన వాళ్లలో చాలామందిది ఇదే బాధ. పెద్దాయన్ని ఆయనకు నచ్చింది తిననివ్వండి.

శ్రీకాకుళం నుంచి (వినికిడి పరీక్షలు చేసే పనిలో ఉన్నాను):
నెల్లిమర్ల వారిదీ, రాజాం పెద్దాయనదీ ఒకే జబ్బు కాదు. అందుకే ఒకరికి పనిచేసింది ఇంకొకరికి పనిచేయలేదు.

లోపలి చెవిలో సన్నటి గొట్టాల్లో ద్రవం ఉంటుంది. అది ఎక్కువై ఒత్తిడి పెరగడం మెనియర్స్‌లో కనిపిస్తుంది. 1861లో ప్రాస్పర్ మెనియర్ అనే ఫ్రెంచి వైద్యుడు ఈ తిరుగుడుకు మూలం లోపలి చెవిలో ఉందని చెప్పాడు, ఆ పేరే ఉండిపోయింది. చెవి దిబ్బడ, లావుపాటి హోరు, ఇరవై నిమిషాల నుంచి కొన్ని గంటల దాకా తిరుగుడు, వినికిడి ఒకరోజు తగ్గి ఇంకోరోజు మెరుగవడం దాని గుర్తులు. ఉప్పు తగ్గించమని డాక్టర్లు చెప్పేది వీళ్లకే. దానికి కూడా గట్టి రుజువులు తక్కువే, కానీ చేస్తే పోయేదేమీ లేదు కనుక చెబుతారు. ఒకపూట చప్పగా తిని మరోపూట పెళ్లి భోజనంలో అప్పడాలు, పచ్చళ్లు లాగిస్తే లాభం ఉండదు, రోజూ ఒకే తీరుగా తినాలి.

మీ నాన్నగారి లక్షణాలు చూస్తే మిల్లు మోత మీదే అనుమానం. పక్కవాడితో అరిచి మాట్లాడాల్సి వస్తే ఆ చోట శబ్దం 85 డెసిబెల్స్ దాటినట్టే. రోజుకు 8 గంటల పనికి ఆపైన చెవికి రక్షణ ఉండాలి. చెవి లోపల శబ్దాన్ని పట్టుకునే రోమకణాలు ఒకసారి చచ్చిపోతే మళ్లీ మొలవవు. అటునుంచి శబ్దం అందకపోయేసరికి మెదడే వాల్యూమ్ పెంచుకుంటుంది, మోతగా వినిపించేది అదే. దాన్ని చప్పిడి కూర ఆపలేదు.

కానీ బొబ్బిలి అన్నయ్యా, నచ్చింది తిననివ్వమంటే ఒప్పుకోను. ఆయనకు బీపీ ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు రోజుకు 5 గ్రాముల లోపు, సుమారు ఒక చిన్న చెంచా. ఇంట్లో లెక్క తేలిక: నలుగురుంటే కిలో ప్యాకెట్ 50 రోజులు రావాలి. విప్పిన తేదీ దాని మీదే రాసి చూడండి. 25 రోజులకే అయిపోతే తలా పది గ్రాములు పడుతోందన్నమాట. కొన్న పచ్చళ్లు, బిస్కెట్లు, ఉప్పు జీడిపప్పు దీనికి అదనం. ప్యాకెట్ మీద సోడియం అని రాసి ఉంటే రెండున్నరతో గుణించండి, ఉప్పు ఎంతో తెలుస్తుంది. నౌపడ రాళ్లుప్పయినా సైంధవమైనా తూకానికి సోడియం దాదాపు అంతే.

అలాగని సున్నా చేయొద్దు. ఎండల్లో చెమటోడ్చేవాళ్లు, నీరు పోయే మాత్రలు వాడే పెద్దవాళ్లు ఉప్పు మరీ మానేస్తే సోడియం పడిపోయి మతి తప్పినట్టు మాట్లాడతారు. కూరలో ఆ లెక్క దాటకుండా ఉప్పు వేసి, ఎండుచేపను వారానికోసారి చేయండి, వండేముందు నీళ్లలో నానబెట్టి ఆ నీళ్లు పారబోయండి. చోడి (రాగి) అంబలిలో ఉప్పు బదులు మజ్జిగ, ఉల్లిపాయ చాలు.

చుట్ట మాత్రం మాన్పించండి, ఇందులో బేరం లేదు. పొగ తాగేవాళ్లలో ఈ మోత ఎక్కువ కనిపిస్తుంది. టీ వల్ల మోత పెరుగుతుందనడానికి సరైన ఆధారం లేదు. సాయంత్రం తర్వాత తాగితే నిద్ర చెడుతుంది, నిద్ర లేకపోతే మోత మరింత వినిపిస్తుంది, అంతే. రాత్రి నిశ్శబ్దంగా ఉంచకండి. ఫ్యాన్ గానీ, చిన్నగా రేడియో గానీ పెట్టండి. వినికిడి తగ్గిందని తేలితే మిషన్ పెట్టాక చాలామందికి మోత మరుగున పడుతుంది.

కవిటి నుంచి:
మేడం, సోడియం తక్కువ ఉప్పు అని షాపులో అమ్ముతున్నారు కదా, అది వాడొచ్చా? మా ఇంట్లో కిడ్నీ పేషెంట్ ఉన్నారు.

శ్రీకాకుళం నుంచి:
వద్దు. అందులో సోడియం బదులు పొటాషియం కలుపుతారు. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లలో పొటాషియం బయటకు పోక గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న మన ఉద్దానంలో చాలామందికి అది ముదిరేదాకా తెలియదు కనుక, ఆ వైపు వాళ్లు ఎవరైనా క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చూపేది), పొటాషియం పరీక్ష చేయించుకోకుండా ఆ ప్యాకెట్ ముట్టుకోవద్దు. టెల్మిసార్టాన్, ఎనలాప్రిల్ లాంటి బీపీ మాత్రలు వాడేవాళ్లూ డాక్టరును అడగాలి. రాజాం వారూ, ఇది మీకు కూడా.

రాజాం నుంచి:
అర్థమైంది మేడం. అమ్మ వెల్లుల్లి వేసి కాచిన నూనె చెవిలో పోస్తోంది, ఆపేయమంటారా?

శ్రీకాకుళం నుంచి:
ఈరోజే ఆపించండి. కర్ణభేరికి చిల్లు ఉంటే లోపలికి పోతుంది. ఒకవేళ గుబిలి ఉన్నా ఆసుపత్రిలోనే తీయించాలి, గుబిలి వల్ల కూడా మోత వస్తుంది. శ్రీకాకుళంలో రిమ్స్ అనే ప్రభుత్వ ఆసుపత్రిలో ఈఎన్‌టీ (చెవి, ముక్కు, గొంతు) ఓపీకి తీసుకెళ్లండి, విశాఖలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి కూడా ఉంది. వాడుతున్న మాత్రలన్నీ షీట్లతో సహా పట్టుకెళ్లండి, ఆస్పిరిన్ ఎక్కువ మోతాదు, కొన్ని ఇంజెక్షన్లు చెవిని దెబ్బతీస్తాయి. మోత నాడితో పాటు కొట్టుకున్నా, ఒక్క చెవిలోనే ఉన్నా ఆ మాట ముందే చెప్పండి. ఉన్నట్టుండి ఒక చెవి వినపడకపోతే మాత్రం ఓపీ రోజు కోసం ఆగకండి, ఆ రోజే వెళ్లాలి. దానికి మందు తొందరగా పడితేనే వినికిడి తిరిగొచ్చే అవకాశం ఎక్కువ.