ఉపవాస ప్రార్థనలో వచ్చిన పిలుపు దేవుడిదేనా? ఎలా తెలుసుకోవాలి?

డీఎస్సీ_అమ్మాయి:
అందరికీ వందనాలు. మాది నరసరావుపేట దగ్గర పల్లె. బీఈడీ అయ్యి డీఎస్సీకి చదువుతున్నాను. కోచింగ్‌కి నాన్న అప్పు తెచ్చారు. పోయిన నెల మా సంఘంలో ఉపవాస ప్రార్థనలు జరిగాయి. చివరి రాత్రి బయటి ఊరి దైవజనుడు నా తల మీద చెయ్యి పెట్టి, "తల్లీ, పుస్తకాలు మూసెయ్, ప్రభువు నిన్ను సేవకు పిలుస్తున్నాడు" అన్నారు. ఒళ్ళంతా వేడెక్కింది, కాళ్ళు వణికాయి, ఏడుపు ఆగలేదు. నటన కాదండీ. అప్పటిదాకా ఎవరైనా పడిపోతే వెనక నిలబడి చూసేదాన్నే.

అప్పట్నించి మెథడాలజీ (బోధనా పద్ధతులు) పుస్తకం తెరిస్తే చాలు, ప్రార్థన చెయ్యాలనిపిస్తుంది. వాక్యాలు వాటంతటవే గుర్తొస్తాయి, మనసుకి ఎంతో హాయి. పుస్తకం మూసేస్తున్నాను. అమ్మ "అది దేవుడి స్వరమే, ఎదిరించకు" అంటోంది. నాన్న మాట్లాడటమే మానేశారు. తెలిసినవాళ్ళు చెప్పండి, ఎగతాళి మాత్రం వద్దు.

తెనాలి_తమ్ముడు:
అక్కా, ఆ రాత్రి ఆయన ఇంకెంతమందికి అదే మాట చెప్పారో ముందు కనుక్కో. మా దగ్గరికొచ్చిన ఒకాయన యూత్ అందరికీ వరసగా "విదేశాలు కనపడుతున్నాయి" అన్నారు. పాస్‌పోర్టు లేనివాళ్ళూ ఆమేన్ అన్నారు.

సండేస్కూల్_టీచరమ్మ:
అమ్మా, నేను రిటైరైన టీచర్ని, లూథరన్ సంఘం మాది. వణుకు, వేడి, కన్నీళ్ళు కాసేపు పక్కన పెట్టు. అబద్ధమని అనడం లేదు. అమెరికాలో గొప్ప ఉజ్జీవం వచ్చినప్పుడు 1741లో జోనాథన్ ఎడ్వర్డ్స్ అనే పాస్టరు గారు ఈ గొడవ మీదే యేల్‌లో ప్రసంగం చేశారు. జనం కేకలు పెట్టి పడిపోతుంటే కొందరు దేవుడి పని అన్నారు, కొందరు పిచ్చి అన్నారు. ఒళ్ళు వణికినంత మాత్రాన అటూ తేలదు, ఇటూ తేలదు అన్నారాయన. ఆ తర్వాత యేసు మీద గౌరవం, వాక్యం మీద గురి, తోటివాళ్ళ మీద ప్రేమ పెరిగాయా, అది చూడమన్నారు.

నన్ను ఆపింది మాత్రం నీ "పుస్తకం తెరిస్తే చాలు" అన్న మాట. విజయవాడ లొయోలా కాలేజీ ఎవరి పేరు మీద ఉందో, ఆ ఇగ్నేషియస్ కథ విను. (ఆయన కాథలిక్కు, మేం లూథరన్లం. అయినా ఈ విషయంలో ఆయన దగ్గర కూర్చుని నేర్చుకోవాల్సిందే.) ముప్పై దాటాక బార్సిలోనాలో లాటిన్ వ్యాకరణం మొదలుపెట్టాడు. బట్టీ పట్టబోతే చాలు, దేవుడి గురించి కొత్త కొత్త ఆలోచనలు, ఎక్కడలేని ఆనందం. తరిమినా పోవు. అప్పుడు ఒకటి గమనించాడు: ప్రార్థనలో, పూజలో ఉన్నప్పుడు ఇంత గాఢంగా రావడం లేదే! చదువు దగ్గరే ఎందుకు? ఇది శోధన, అంటే చదువు నుంచి పక్కకి లాగే ప్రలోభం అని తేల్చుకున్నాడు. గురువు దగ్గర అంతా చెప్పేసి, "ఈ ఊళ్ళో రొట్టె, నీళ్ళు దొరికినంత కాలం ఈ రెండేళ్ళూ మీ పాఠం మానను" అని మాటిచ్చాడు. ఆ బెడద మళ్ళీ రాలేదు.

నువ్వూ చూసుకో. పొద్దున మోకాళ్ళ మీద ఉన్నప్పుడూ అంతే హాయిగా ఉంటోందా? అంట్లు తోమేటప్పుడు? ఫోన్ చూసేటప్పుడు? సేవకు పిలుపు ఉండదని నేననను. బాల సమూయేలు దేవుడు పిలుస్తుంటే గుర్తుపట్టలేక, యాజకుడు ఏలీ పిలిచాడనుకుని మూడుసార్లు ఆయన దగ్గరికి పరిగెత్తాడు. దేవుడు కోప్పడలేదు, మళ్ళీ పిలిచాడు. నువ్వు పరీక్ష రాసొచ్చేదాకా ఆయన ఆగడా?

పెంతెకొస్తు_బ్రదర్:
టీచరమ్మ గారికి వందనాలు. నేను ప్రవచనాలు నమ్మేవాణ్ణి. "ప్రవచించుటను నిర్లక్ష్యము చేయకుడి" అని పౌలు రాశాడు కదా, కొట్టిపారేయొద్దు. అయితే ఆ వెంటనే "సమస్తమును పరీక్షించి" అని కూడా ఉంది. మా సంఘంలో బయటివాళ్ళు ఎవరికైనా సొంతంగా ఏదైనా చెబితే పాస్టరు గారి ముందు, పెద్దల ముందు పెట్టాలి. ఒకరు ప్రవచిస్తే తక్కినవాళ్ళు వివేచించాలని 1 కొరింథీ 14:29లో ఉంది.

సిస్టర్, 1 రాజులు 13 చదవండి. బేతేలు ముసలి ప్రవక్త "దూత నాతో చెప్పాడు" అంటే, యూదా నుంచి వచ్చిన దైవజనుడు "అక్కడ ఏమీ తినొద్దు" అని తనకు దేవుడు చెప్పింది వదిలేసి ఆయనింటికి భోజనానికి వెళ్ళాడు. అబద్ధం చెప్పింది ముసలాయన, సింహం చంపింది ఇతణ్ణి. రేపు మీ నాన్న గారి అప్పు ఆ వచ్చినాయన కట్టరు.

డీఎస్సీ_అమ్మాయి:
టీచరమ్మ గారూ, వారం నుంచి చూసుకుంటున్నాను. పొద్దున ప్రార్థనలో మామూలుగానే ఉంటోంది, నిజం చెప్పాలంటే ఆవలింతలు కూడా. సైకాలజీ నాకిష్టం, అది చదివేటప్పుడు ఏమీ రాదు. మెథడాలజీలో, అందులోనూ మూల్యాంకనం చాప్టర్ దగ్గరే వస్తోంది. పాస్టరు గారితో మాట్లాడతాను. అమ్మకెలా చెప్పాలో అర్థం కావడం లేదు, టెన్షన్‌గా ఉంది.

సండేస్కూల్_టీచరమ్మ:
అమ్మతో వాదన పెట్టుకోకు, పాస్టరమ్మ గారితో చెప్పించు. నాన్నతో మాత్రం ఈ రాత్రే మాట్లాడు. మూల్యాంకనం నోట్సు నా దగ్గర ఉంది, మెసేజ్ పెడితే ఫొటోలు తీసి పంపిస్తాను.